వైన్ ఊరు పోర్టోకి మందు ముట్టని నాన్న, మోకాళ్ళ నొప్పుల అమ్మతో వెళ్తున్నాం, ఏం చూపించాలి?

శ్రావణి_మ్యూనిక్:
అందరికీ నమస్తే అండి. సెప్టెంబర్లో అమ్మానాన్న హైదరాబాద్ నుంచి మా దగ్గరికి వస్తున్నారు. ఇక్కడ కొండలూ కోటలూ అయిపోయాక ఎక్కడికైనా సముద్రం ఉన్న చోటుకి తీసుకెళ్దాం అని చూస్తుంటే మా ఆయన పోర్చుగల్‌లోని పోర్టో అన్నాడు, డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, టికెట్లు కూడా కొనేశాడు. శుక్రవారం మధ్యాహ్నం దిగుతాం, సోమవారం రాత్రి వెనక్కి. ఇప్పుడు అసలు గోల వినండి. నాన్న జన్మలో మందు ముట్టలేదు, "వైన్ ఊళ్ళో మనకేం పనే" అంటున్నారు. అమ్మ వెజ్, కేకులో గుడ్డుంటే పర్లేదంటుంది గానీ ఆమ్లెట్ అంటే ఆమడ దూరం. పైగా మోకాళ్ళు, ఎక్కడం ఎలాగో ఎక్కుతుంది, దిగడమే నరకం. మా బుడ్డోడికి ఆరేళ్ళు. యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా చేతిలో గ్లాసు పెట్టుకుని సూర్యాస్తమయం చూడ్డం, లేదంటే మెట్లు, మెట్లు, మెట్లు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

డబ్లిన్_రవి:
నన్నడిగితే పోర్టోకి ఒక్క రోజు చాలండి, బ్రిడ్జి, నది, రైల్వే స్టేషన్, అయిపోయింది. మిగతా రోజులు లిస్బన్ పెట్టుకోండి, రైల్లో మూడు గంటలు.

లిస్బన్_లక్ష్మణ్:
రవి గారూ నేను లిస్బన్‌లో ఉంటూ చెప్తున్నా, పెద్దవాళ్ళతో మూడు రోజుల్లో రెండూళ్ళు పెట్టుకుంటే పెట్టెలు లాగడమే సరిపోతుంది. లిస్బన్ కొండలు ఇంకా ఘోరం. పోర్టో చిన్న ఊరు, ఎక్కడ అలిసిపోయినా హోటల్ పక్కనే ఉంటుంది. ఒక్క రోజులో బ్రిడ్జి మీద ఫోటో దిగి వచ్చేవాళ్ళు సముద్రం దాకా వెళ్ళరు, పైకి డౌరో నది లోయలోకీ వెళ్ళరు, ఆ రెండూ లేకపోతే పోర్టోలో సగం చూసినట్టే లెక్క.

పద్మ_పోర్టో:
శ్రావణీ నేను ఇక్కడే ఉంటా, మాతోజిన్యోస్ వైపు. ముందు మోకాళ్ళ సంగతి తేల్చేద్దాం, ఈ ఊళ్ళో అదే అసలు సంగతి, వైన్ కాదు. ఊరు సగం గట్టు పైన ఉంటుంది, సగం నది ఒడ్డున కింద ఉంటుంది. పైన సావ్ బెంటో స్టేషన్, కేథడ్రల్, బటాల్యా. కింద రిబేరా. ఈ మధ్యలో అంతా రాళ్ళు పరిచిన వాలు సందులు, జల్లు పడితే నున్నగా జారతాయి. మ్యాప్‌లో ఐదు నిమిషాలే అని చూపిస్తుంది, నమ్మకండి, ఆ ఐదు నిమిషాలు నిలువునా దిగడం ఉంటుంది.

మా అత్తగారు వచ్చినప్పుడు నేను తిప్పేది ఇలా. సావ్ బెంటోలో పసుపు లైన్ మెట్రో ఎక్కండి, లిఫ్ట్ ఉంటుంది. ఒక్క స్టాపే, జార్దిం దో మోర్రో. ఆ ఒక్క స్టాపులోనే మెట్రో డోమ్ లూయిస్ బ్రిడ్జి పై అంతస్తు మీదుగా నది దాటేస్తుంది, కిటికీలోంచి రెండు ఒడ్లూ కనిపిస్తాయి. దిగితే పార్కు, అక్కడ్నుంచి ఊరు మొత్తం ఎదురుగా ఉంటుంది, బెంచీల మీద కూర్చోబెట్టండి ఎంతసేపైనా. తర్వాత అక్కడే కేబుల్ కార్ ఉంది, అది ఎక్కితే కింద గాయా అనే అవతలి ఒడ్డుకి, వైన్ గోడౌన్ల ముందుకి దించుతుంది. ఒడ్డంతా చదును. ఓపికున్నంత నడిచి, బ్రిడ్జి కింది అంతస్తు మీదుగా రిబేరాకి దాటండి. తిరిగి పైకి రావడానికి బ్రిడ్జి పక్కనే గిందైస్ ఫ్యూనిక్యులర్, గట్టు వెంబడి తాడుతో లాగే బండి, బటాల్యాలో వదులుతుంది. ఇంత తిరిగినా మీ అమ్మగారు దిగే మెట్లు దాదాపు ఉండవు.

బటాల్యాలో ఎదురుగానే సాంతు ఇల్దిఫోన్సు చర్చి, గోడ నిండా నీలం పలకలు. అక్కడ్నుంచి సాంటా కాటరినా వీధి, మనుషులు నడిచేదే, షాపింగ్ అదీ. ఆ వీధిలోనే ముందుకి వెళ్తే అల్మాస్ చాపెల్, ఇన్‌స్టాలో మీరు చూసిన నీలం చర్చి అదే. దాని పక్కనే బొల్యావ్ మెట్రో, అక్కడ ఎక్కి హోటల్‌కి వెళ్ళిపోండి.

శ్రావణి_మ్యూనిక్:
పద్మక్కా మీరు దేవత. ఇది ప్రింట్ తీసుకుని పెట్టుకుంటా.

గోదారోడు:
రాజమండ్రి వాణ్ణి కాబట్టి నది ఊరంటే ఆగలేను. సైజులో మన గోదారి ముందు డౌరో పిల్లకాలువే గానీ రెండు పక్కలా అంత ఎత్తు గట్లు, ఆ మధ్యలో బ్రిడ్జి, చూస్తే మాత్రం నోరు తెరవాల్సిందే. పైగా అది కట్టింది ఐఫెల్ టవర్ కట్టినాయనే, మీ నాన్నగారికి చెప్పండి.

బ్రిడ్జిల_బాబు:
అన్నా చిన్న సవరణ, డోమ్ లూయిస్ ఐఫెల్ ది కాదు. తెయొఫిల్ సెయ్రిగ్ అని ఐఫెల్ దగ్గర పార్ట్‌నర్‌గా చేసి విడిపోయిన ఇంజినీర్ డిజైన్ అది, 1886లో తెరిచారు. ఐఫెల్ కూడా పోటీకి ప్రపోజల్ పెట్టాడు గానీ తీసుకోలేదు. ఐఫెల్ కంపెనీ కట్టింది మరియా పియా అని కొంచెం పైన ఉన్న రైల్వే బ్రిడ్జి, 1877. 1991 దాకా రైళ్ళు తిరిగాయి, ఇప్పుడు ఊరికే నిలబడి ఉంది. దాని డిజైన్‌లో కూడా ఈ సెయ్రిగ్ చెయ్యే ఎక్కువ, ఆ పనే నేర్చుకుని బయటికొచ్చి పాత బాస్‌నే ఓడించాడు పాపం. లూయిస్ బ్రిడ్జి ఇనుప వంపు 172 మీటర్లు, ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. తమాషా ఏంటంటే పద్మ గారు చెప్పిన ఫ్యూనిక్యులర్ కింది స్టేషన్ ఉన్న రోడ్డుకి మాత్రం ఐఫెల్ పేరే పెట్టారు, సెయ్రిగ్‌ని ఎవడు పట్టించుకున్నాడు.

గోదారోడు:
సరే బాబూ ఒప్పుకున్నా. హేవ్‌లాక్ బ్రిడ్జి గురించి అడుగు, అప్పుడు చెప్తా నీ పని.

బ్రిడ్జిల_బాబు:
హహ. శ్రావణి గారూ, బ్రిడ్జిలు నచ్చే మనుషులైతే ఆరు బ్రిడ్జిల పడవ ఉంటుంది రిబేరా నుంచీ గాయా నుంచీ, 50 నిమిషాలు. అర్రాబిదా బ్రిడ్జి కింద నుంచి వెళ్ళేటప్పుడు పైకి చూడండి, 1963లో కట్టినప్పుడు ప్రపంచంలోనే పెద్ద కాంక్రీట్ వంపు అది. బుడ్డోడికీ బాగుంటుంది, మోకాళ్ళకీ పని లేదు.

నల్గొండ_నరేష్:
ఆ పడవ టూరిస్ట్ ట్రాప్ కదా బ్రో, జనాన్ని కుక్కేస్తరు, స్పీకర్ల ఏం చెప్తరో అర్థమే కాదు. నేనైతే ఆ పైసలు పెట్టి మంచిగ తింట.

పద్మ_పోర్టో:
నరేష్ చెప్పింది సగం నిజం. మధ్యాహ్నం ఎక్కితే అంతే. పొద్దున్నే మొదటి పడవలు ఖాళీగా ఉంటాయి, కాకపోతే కొన్ని రోజులు నది మీద మంచు పట్టి పదింటిదాకా ఏమీ కనపడదు, ఆకాశం చూసుకుని టికెట్ కొనండి.

ఇంకోటి, రిబేరాలో బ్రిడ్జికి దగ్గర్లో గోడకి ఒక కంచు పలక ఉంటుంది, కింద ఎవరో ఒకరు కొవ్వొత్తులు వెలిగిస్తూనే ఉంటారు. చాలామంది చూడకుండానే దాటిపోతారు. 1809 మార్చి 29న నెపోలియన్ సైన్యం ఊళ్ళోకి వచ్చేస్తుంటే జనం నది దాటి పారిపోదామని పడవలు కట్టి వేసిన వంతెన మీదకి ఎగబడ్డారు, అది తెగిపోయి చాలామంది మునిగిపోయారు. ఆ పలక మీద చెక్కింది అదే, జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడటం. ఇప్పటికీ ముసలమ్మలు వచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్తారు. పక్కనే ఐస్‌క్రీం క్యూ ఉంటుంది.

శ్రావణి_మ్యూనిక్:
అయ్యో. నాన్నకి ఇలాంటివే కావాలి, రిటైర్డ్ సోషల్ మాస్టారు. ఇంతకీ వైన్ గోడౌన్ లోపలికి తీసుకెళ్ళొచ్చా, తాగనివాళ్ళకి ఏమైనా ఉంటుందా, లేక టికెట్ దండగా?

నల్గొండ_నరేష్:
దండగ. తాగనోనికి పీపాలు చూపెట్టుడేంది.

లండన్_వెంకట్:
నరేష్ బ్రో, మాస్టారికి చూపించకపోతేనే దండగ. లోపల చీకటిగా చల్లగా ఉంటుంది, పీపాలు వరసకి వరస, ఒక్కో పీపా 550 లీటర్లు, తడి చెక్క వాసన, నేల మీద కొన్ని చోట్ల కంకర పోసి తడుపుతుంటారు తేమ కోసం. అసలు ద్రాక్ష పండేది ఇక్కడ కాదు, పైన డౌరో లోయలో, వంద కిలోమీటర్ల దూరం. అక్కడ ఎండాకాలం 40 దాటుతుంది, వైన్ ఆ వేడికి పాడవుతుంది. గాయా ఒడ్డు ఉత్తరం వైపు తిరిగి ఉంటుంది, ఎండ తక్కువ, సముద్రం గాలి తేమ, అందుకని పీపాల్ని పడవల మీద కిందికి తెచ్చి ఇక్కడ దాచేవాళ్ళు. ఆ పడవలే రబేలోలు, ఒడ్డున కట్టి ఉంటాయి కంపెనీ పేర్లేసి, ఇప్పుడవి షోకే. డౌరో మీద డ్యాములు కట్టాక, లారీలూ రైళ్ళూ వచ్చాక వాటికి పని పోయింది.

పోర్ట్ వైన్ ఎందుకు తియ్యగా ఉంటుందో మాస్టారికి ఆసక్తిగా ఉంటుంది. ద్రాక్షరసం పులుస్తూ ఉండగానే, రెండు మూడు రోజులకే, అందులో 77 శాతం ఉన్న ద్రాక్ష సారా పోసేస్తారు. దాంతో పులిసే ఈస్ట్ చచ్చిపోతుంది, పులవని చక్కెర అలాగే మిగిలిపోతుంది. అందుకే తీపి ఎక్కువ, ఘాటు కూడా మామూలు వైన్ కంటే ఎక్కువ, 19 నుంచి 22 శాతం. ఇంగ్లీషోళ్ళకి ఫ్రాన్స్‌తో గొడవలై వైన్ కరువైనప్పుడు ఇటు తిరిగారు, 1703లో మెతూయెన్ ఒప్పందం అయ్యాక పోర్చుగల్ వైన్ మీద పన్ను తగ్గించారు. అందుకే గాయా మీద సగం బోర్డులు టేలర్, గ్రేహం, కాక్‌బర్న్ అని ఇంగ్లీషు ఇంటిపేర్లే. కల్తీ ఎక్కువైపోతే 1756లో ప్రధాని పొంబాల్ ఏ పొలాల్లో పండింది పోర్ట్ వైనో ఏది కాదో హద్దులు పెట్టాడు, తర్వాత సరిహద్దు రాళ్ళు కూడా పాతించారు. ఇదంతా టూర్‌లో చెప్తారు, గ్లాసు ఆఖర్న ఇస్తారు, వద్దంటే ఎవరూ బలవంతం చెయ్యరు. పిల్లలకి కొన్ని చోట్ల ద్రాక్షరసం ఇస్తారు, బుక్ చేసేటప్పుడే అడగండి.

నల్గొండ_నరేష్:
వెంకన్నా గంత చెప్పినవ్ గని ఏది తాగాల్నో చెప్పలె.

లండన్_వెంకట్:
హహ అదొక్కటీ నీ కోసం. రూబీ అంటే పెద్ద తొట్లలో తక్కువ కాలం ఉంచేది, ఎర్రగా పండ్ల రుచి. టానీ చిన్న పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది, గాలి తగిలి రంగు తగ్గి గోధుమ రంగుకొస్తుంది, జీడిపప్పు, ఎండు పండ్ల రుచి వస్తుంది. 10, 20, 30, 40 ఏళ్ళవి దొరుకుతాయి. డబ్బు దండిగా ఉంటే తప్ప 40 జోలికి పోకు, 20 చాలు. ఎండగా ఉంటే తెల్ల పోర్ట్‌లో టానిక్, ఐస్ వేసి ఇస్తారు, ఇక్కడి వాళ్ళు సాయంత్రం తాగేది అదే. ఎల్‌బీవీ అని ఉంటుంది, నాలుగు నుంచి ఆరేళ్ళు పీపాలో ఉంచి సీసాలోకి పోసింది, ధరకి తగ్గ వైన్ అదే నా లెక్కలో.

పెసరట్టు_ప్రియ:
శ్రావణి గారూ వెజ్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మేమూ వెజ్జే, మొన్న వేసవిలో వెళ్ళొచ్చాం. ముందు ఆ ఊరి ఫేమస్ వంటకం ఫ్రాన్సెజిన్యా, దాన్నుంచి దూరంగా ఉండండి, బ్రెడ్ మధ్యలో హ్యాం, సాసేజ్, బీఫ్ ముక్క, పైన చీజ్ కరిగించి టొమాటో సాస్ పోస్తారు, ఆ సాస్‌లో బీరు కూడా ఉంటుంది. కొన్ని హోటళ్ళలో వెజ్ ఫ్రాన్సెజిన్యా ఉంది గానీ సాస్ మాత్రం అదే బీరు సాస్, మీ నాన్నగారికి ముందే చెప్పండి లేకపోతే తినేశాక తెలిస్తే గొడవ.

కాల్దు వెర్ద్ అని ఆకుకూర బంగాళదుంప సూప్, చూడ్డానికి మనదే అనిపిస్తుంది, పైన ఒక సాసేజ్ ముక్క వేసేస్తారు. "సెంగ్ షోరిసో" అనండి, వెయ్యరు, కానీ కొన్నిచోట్ల సూప్‌లోనే ఉడికిస్తారు కాబట్టి అడిగి తెలుసుకోండి. బేకరీలు మాత్రం స్వర్గం. పాస్టెల్ ద నాటా గుడ్డు సొనతో చేస్తారు, అమ్మగారు కేక్ తింటారన్నారు కదా, వేడివేడిగా దాల్చినచెక్క పొడి చల్లుకుని. బ్రోవా అని జొన్నరొట్టె రంగులో మొక్కజొన్న బ్రెడ్ ఉంటుంది, మా మావయ్యగారు దాన్ని పచ్చడితో తిన్నారు, పచ్చడి సూట్‌కేసులో తెచ్చుకున్నాం లెండి.

చీజ్ గురించి ఒక మాట. మామూలుగా చీజ్ గట్టిపడటానికి దూడ పొట్టలోంచి తీసింది వాడతారు కదా, సెర్రా ద ఇస్త్రేలా అని ఇక్కడి గొర్రెపాల చీజ్‌లో దాని బదులు ఒక రకం ముళ్ళ పువ్వు నానబెట్టిన నీళ్ళు పోస్తారు. కాబట్టి కచ్చితంగా వెజ్. లోపల మెత్తగా ఉంటుంది, పై మూత కోసి స్పూనుతో తియ్యడమే.

రెస్టారెంట్‌లో కూర్చోగానే బ్రెడ్, ఆలివ్‌లు, వెన్న తెచ్చి పెట్టేస్తారు, ఫ్రీ అనుకోవద్దు, ముట్టుకుంటే బిల్లులో వస్తుంది. వద్దంటే మొహమాటం లేకుండా వెనక్కి పంపేయొచ్చు.

గోదారోడు:
పచ్చడి సూట్‌కేసు లేకుండా తెలుగువాడు యూరప్‌లో కాలు పెట్టడు.

కూకట్‌పల్లి_కిట్టు:
లెల్లో బుక్‌షాప్ గురించి చెప్పండి ఎవరన్నా, అక్కడే హ్యారీ పాటర్ మాయల స్కూల్ కథకి ఐడియా పుట్టిందంట కదా.

డబ్లిన్_రవి:
అది అబద్ధం బ్రో. ఆ రచయిత్రి రౌలింగ్ 90ల మొదట్లో పోర్టోలో ఇంగ్లీష్ టీచర్‌గా ఉన్న మాట నిజం, కానీ ఆ షాపులో అసలు అడుగే పెట్టలేదని 2020లో తనే చెప్పింది. అయినా జనం ఆగరు, వీధి చివరిదాకా క్యూ.

పద్మ_పోర్టో:
1906లో కట్టింది, ఆ ఎర్ర మెట్లు, రంగు అద్దాల పైకప్పు బాగానే ఉంటాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ టైం స్లాట్ టికెట్ తీసుకోవాలి, లోపల భుజాలు రాసుకుంటూ తిరగాలి. ఆ డబ్బులు పుస్తకం కొంటే తగ్గిస్తారు, పుస్తకం కొనే మనిషైతే వెళ్ళండి, ఫోటో కోసమైతే నేను వద్దంటాను.

దానికంటే సావ్ బెంటో స్టేషన్ హాల్లో ఒక గంట కూర్చోండి, టికెట్ లేదు. మాస్టారికి ఆ గోడలే మ్యూజియం. 1916లో తెరిచిన స్టేషన్, దాదాపు 20,000 పలకలు, జార్జ్ కొలాసు వేసిన బొమ్మలు. ఒక గోడ మీద మెడకి తాడు కట్టుకుని పెళ్ళాం పిల్లలతో రాజు ముందు నిలబడ్డ మనిషిని చూపించండి. ఎగాస్ మోనిజ్. తన యువరాజు లొంగిపోతాడని లియోన్ రాజుకి మాటిచ్చాడు, యువరాజు తర్వాత ఆ మాట తప్పాడు. ఇచ్చిన మాటకి తనే పూచీ కాబట్టి ఇంటిల్లిపాదినీ తీసుకుని ఉరితాడుతో వెళ్ళాడు, రాజు క్షమించి వదిలేశాడు. ఆ యువరాజే పోర్చుగల్ మొదటి రాజు అయ్యాడు. ఇంకో గోడ మీద 1415లో సేవ్టా పట్టుకోవడం, ఈ దేశం సముద్రాల మీద పడటం అక్కడే మొదలు. ఆ దండయాత్రలో ఉన్న హెన్రీ యువరాజు పుట్టింది ఈ ఊళ్ళోనే, 1394లో.

శ్రావణి_మ్యూనిక్:
అక్కా ఇది నాన్నకి ఇప్పుడే ఫోన్లో చదివి వినిపించా. "మన హరిశ్చంద్రుడి బాపతు" అన్నారు, వైన్ ఊరు అనే మాట అయితే మళ్ళీ ఎత్తలేదు. బుడ్డోడికి ఏం పెట్టాలి?

పద్మ_పోర్టో:
ట్రామ్. సావ్ ఫ్రాన్సిస్కు చర్చి దగ్గర్నుంచి 1వ నంబర్ ట్రామ్ నది వెంబడే ఫోజ్ దాకా వెళ్తుంది, చెక్క సీట్లు, ఇత్తడి హ్యాండిల్. మెట్రో కార్డు పనిచెయ్యదు, టికెట్ విడిగా కొనాలి. సీటు కావాలంటే మొదటి స్టాపులోనే ఎక్కండి, పర్సు జాగ్రత్త, ఆ రద్దీలో చేతివాటం వాళ్ళుంటారు. ట్రామ్ వద్దనుకుంటే 500 నంబర్ బస్సు అదే దారిన వెళ్ళి ఇంకా ముందుకి మాతోజిన్యోస్ దాకా పోతుంది, పై అంతస్తు ఉన్న బస్సు వస్తే ముందు సీట్లు పట్టుకోండి.

ఫోజ్‌లో నది సముద్రంలో కలుస్తుంది, చివర లైట్‌హౌస్, గాలి రోజు అలలు దాని మీద నుంచి దూకుతాయి, దగ్గరికి వెళ్ళొద్దు. నీళ్ళు మాత్రం సెప్టెంబర్లో కూడా గడ్డకట్టుకుపోయేంత చల్లగా ఉంటాయి, కాళ్ళు తడుపుకోవడమే. ఇసుకలో ఆడుకోవాలంటే మాతోజిన్యోస్ బీచ్ పెద్దది.

మాతోజిన్యోస్ బీచ్ మొదట్లో రౌండ్ అబౌట్ మీద ఒక పెద్ద ఎర్ర వల గాల్లో వేలాడుతుంటుంది, గాలికి ఆకారం మారుతూ ఉంటుంది. జానెట్ ఎకెల్మాన్ అనే అమెరికన్ ఆర్టిస్ట్ 2005లో చేసింది. ఆవిడకి ఈ వలల ఆలోచన వచ్చింది ఎక్కడో తెలుసా, మహాబలిపురంలో. రంగులు తెప్పించుకుంటే అవి రాలేదు, బీచ్‌లో జాలర్లు వలలు కుప్పలు పోస్తుంటే చూసి వాటితో బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టింది. మా ఇంటికి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్ళి ఈ కథ చెప్తా, ఇక్కడి జాలర్ల ఊరికి మన బంగాళాఖాతం వల వచ్చి చేరింది.

గోదారోడు:
ఇది నిజంగా తెలీదండి. సూపర్.

కూకట్‌పల్లి_కిట్టు:
నెమళ్ళు ఉండే పార్కు ఏదో ఉందన్నారు?

పద్మ_పోర్టో:
పలాసియు ద క్రిస్తాల్ తోటలు, ఫ్రీ. నెమళ్ళు దారుల్లోనే తిరుగుతుంటాయి, కోళ్ళు కూడా. నది పైనుంచి కనిపిస్తుంది. చిప్స్ ప్యాకెట్ తీస్తే నెమలి మీదకొస్తుంది, బుడ్డోడికి చెప్పండి.

రైలు_పిచ్చోడు:
ఇంతసేపూ ఎవరూ డౌరో లైన్ రైలు గురించి మాట్లాడలేదు, నాకు ఒళ్ళు మండిపోతోంది. సెప్టెంబర్ అంటే ద్రాక్ష కోత టైం, లోయకి వెళ్ళకుండా రాకండి. లారీల్లో గంపలు, కొండ మీద వరసల్లో జనం, ఏడాదిలో అప్పుడే కనిపించేది. కొండలన్నీ మెట్లు మెట్లుగా కోసి రాళ్ళ గోడలు కట్టి ద్రాక్ష వేశారు, 2001లో యునెస్కో లిస్టులో పెట్టారు. సావ్ బెంటో లేదా కంపన్యాలో ఎక్కితే లోయలో ఉన్న పిన్యావ్ ఊరికి రెండున్నర గంటలు. వెళ్ళేటప్పుడు కుడి పక్క కూర్చోండి, నది అటే ఉంటుంది. మొదటి గంటకి పైగా మామూలు ఊళ్ళే వస్తాయి, ఇదేంటి రీల్స్‌లో చూపించింది అనుకోవద్దు, మోస్తెరో చుట్టుపక్కల్నుంచి నది పట్టాల పక్కకి వచ్చేస్తుంది, ఆ తర్వాత కిటికీ వదలబుద్ధి కాదు, చాలా చోట్ల నీటికీ పట్టాలకీ మధ్య గోడ ఒక్కటే. సీటు నంబర్లు ఉండవు, ముందెళ్ళినవాడిదే కుడి కిటికీ.

పిన్యావ్ స్టేషన్ గోడల మీద కూడా నీలం పలకల బొమ్మలు, కోత, పీపాలు, పడవలు. ఒడ్డున చిన్న పడవల్లో గంట, రెండు గంటల ట్రిప్పులు ఉంటాయి. ఊరు చిన్నది, చదును, స్టేషన్ నుంచి నది పక్కనే.

డబ్లిన్_రవి:
పోర్టో నుంచే పెద్ద క్రూజ్‌లో వెళ్ళి రైల్లో రావచ్చు కదా?

రైలు_పిచ్చోడు:
వెళ్ళొచ్చు, రోజంతా పడుతుంది. దాని అందం ఏంటంటే కర్రపతేలు డ్యామ్ దగ్గర పడవని లాక్‌లో పెట్టి 35 మీటర్లు పైకి లేపుతారు, నీళ్ళు నింపుతుంటే పడవ గోడల మధ్య నెమ్మదిగా లేస్తుంది, బ్రిడ్జిల బాబుకి పండగ. కానీ ఆరేళ్ళ పిల్లాడు అన్ని గంటలు పడవలో కూర్చుంటాడా, మీ ఇష్టం. ఆ రోజు రైళ్ళ స్ట్రైక్ ఉందేమో మాత్రం ముందు రోజు రాత్రి చూసుకోండి, ఈ దేశంలో అదొకటి.

విజాగ్_వినయ్:
మధ్యలో దూరుతున్నా, మేము జూన్ ఆఖరికి వెళ్దామనుకుంటున్నాం, బాగుంటుందా? హోటళ్ళు ఎందుకో మండిపోతున్నాయి.

పద్మ_పోర్టో:
వినయ్, జూన్ 23 రాత్రి సావ్ జువావ్, ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది, అందుకే రేట్లు. తెలిసినోడు తెలియనోడు తేడా లేకుండా ప్లాస్టిక్ సుత్తితో నెత్తి మీద టప్పుమని కొడతారు, కీచుమంటుంది, కోపం తెచ్చుకోకూడదు, తిరిగి కొట్టాలి. ప్రతి సందులో సార్డీన్ చేపలు కాలుస్తుంటారు, బట్టలకి రెండు రోజులు ఆ వాసన పోదు. అర్ధరాత్రి నది మీద బాణాసంచా. మంజెరికు అని మన తులసి జాతి చిన్న మొక్క కుండీల్లో అమ్ముతారు, దానికి ఒక కాగితం జెండా, మీద పద్యం ఉంటుంది. ముక్కుతో నేరుగా వాసన చూడకూడదంట, వాడిపోతుందని, అరచేత్తో నిమిరి చెయ్యి వాసన చూస్తారు. మర్నాడు 24న రబేలో పడవల పందెం, వెంకట్ గారు షోకి అన్న పడవలు అప్పుడు నిజంగానే తెరచాప ఎత్తుతాయి. పెద్దవాళ్ళు లేకపోతే రండి, చిన్న పిల్లలతో మాత్రం ఆ రాత్రి కష్టం.

విజాగ్_వినయ్:
ఫిక్స్. సుత్తి దెబ్బలకి రెడీ.

నల్గొండ_నరేష్:
నేను కూడ వస్త వినయన్నా, సార్డీన్ కోసం.

శ్రావణి_మ్యూనిక్:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఇలా అనుకుంటున్నా చూడండి. శుక్రవారం సాయంత్రం ఊరికే మెట్రో ఎక్కి ఆ పార్కులో కూర్చోవడం. శనివారం పొద్దున స్టేషన్ హాలు, తర్వాత పద్మక్క చెప్పిన రూటు, మధ్యలో ఒక వైన్ గోడౌన్. ఆదివారం బొల్యావ్ మార్కెట్, నెమళ్ళ పార్కు. సోమవారం పిన్యావ్ వెళ్ళొచ్చి రాత్రి ఫ్లైట్. ఫోజ్ ఎక్కడ పెట్టాలో తెలీట్లేదు.

రైలు_పిచ్చోడు:
ఫ్లైట్ రోజు లోయకి వద్దండి, తిరుగు రైలు లేటైతే అంతే సంగతులు. ఆదివారం పెట్టుకోండి రైలు.

పద్మ_పోర్టో:
అవును, పైగా ఆదివారం బొల్యావ్ మూసేస్తారు. శనివారం రూటు చివర్లో ఎలాగూ అక్కడికే వస్తారు కదా, అప్పుడు చూసెయ్యండి, శనివారం సాయంత్రం ఆరింటికి కట్టేస్తారు కాబట్టి గాయాలో మరీ ఆలస్యం చెయ్యకండి. 2022లో బాగుచేసి మళ్ళీ తెరిచారు, పండ్లు, ఆలివ్‌లు, ప్రియ గారు చెప్పిన చీజ్ అన్నీ అక్కడే దొరుకుతాయి. సోమవారం పొద్దున నెమళ్ళు, మధ్యాహ్నం ఫోజ్, అక్కడ్నుంచి మాతోజిన్యోస్‌లో ఇసుక, వల. మాతోజిన్యోస్ నుంచి ఎయిర్‌పోర్ట్ దగ్గరే, మెట్రోలో సెన్యోరా ద ఓరా దగ్గర మారి ఊదా రంగు లైన్ ఎక్కాలి. కార్డు ఎక్కే ముందు మెషీన్‌కి తాకించడం మర్చిపోకండి, రైలు మారినప్పుడు కూడా మళ్ళీ తాకించాలి, చెకింగ్ వాళ్ళు టూరిస్టులని వదలరు. సామాను సోమవారం హోటల్లోనే వదిలేస్తే ఫోజ్ నుంచి మళ్ళీ వెనక్కి రావాలి, కాబట్టి ఉదయాన్నే తెచ్చి మా ఇంట్లో పడెయ్యండి, బీచ్‌కి పది నిమిషాలు. అమ్మగారికి భోజనం కూడా మా ఇంట్లోనే, పప్పుచారు పెడతా.

పెసరట్టు_ప్రియ:
పద్మ గారూ మేము వెళ్ళినప్పుడు మీరెక్కడున్నారండీ?